వరద రాత్రి లెక్కలు కట్టే పని పెట్టుకోవద్దు

ప్రశ్న: గోదావరి ఒడ్డున ఓ ఏజెన్సీ మండలంలో పీహెచ్‌సీ వైద్యాధికారిని. ఎంబీబీఎస్ పూర్తయి రెండేళ్లయింది. వరద సీజన్‌కు ప్లాన్ రాసివ్వమని పైనుంచి అడిగారు. పెద్దవాళ్ల సంగతి ఎలాగో చూసుకోగలను, పిల్లలంటేనే టెన్షన్. దగ్గర్లో పిల్లల డాక్టరు లేరు. నీళ్లొస్తే రోడ్డు మునుగుతుంది, కరెంటు పోతుంది, ఒక్కోసారి ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టు, ఏఎన్ఎంలు ఉన్నారు. రెండు రోజుల పిల్లల ఎమర్జెన్సీ కోర్సు చేసొస్తే సరిపోతుందా? ఏమేం తెప్పించి పెట్టుకోవాలి? నాకూ మూడేళ్ల పాప ఉంది. ఆ రోజుల్లో తనను ఎక్కడ ఉంచాలో కూడా పాలుపోవడం లేదు.
– ఓ వైద్యాధికారిణి

జవాబు: కోర్సుకు సీటు దొరికితే తప్పకుండా వెళ్లండి డాక్టర్ గారూ. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ నడిపే కోర్సులు బాగుంటాయి. ప్రభుత్వం ఇచ్చే ఎఫ్-ఐఎంఎన్‌సీఐ (ఆసుపత్రిలో పసికందుల, పిల్లల జబ్బులకు సమగ్ర చికిత్స) శిక్షణ మీ ఆసుపత్రి పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది, దాని గురించి డీఎంహెచ్‌వో గారిని అడగండి. ఒక్కరే వెళ్లకుండా స్టాఫ్ నర్సును కూడా తీసుకెళ్లండి. అయితే దానితోనే సరిపోదు. ఇలాంటి కోర్సుల్లో నేర్చుకున్న చేతిపని వాడకపోతే కొన్ని నెలల్లోనే మొద్దుబారిపోతుంది. సర్టిఫికెట్ మాత్రం రెండేళ్లు చెల్లుతుంది. వేసవిలో నేర్చుకున్నది ఆగస్టు వరదకు చేతికి అందాలంటే మీ ఆసుపత్రిలోనే, మీ వాళ్లతోనే సాధన చేయాలి.

అసలు మీ భయం ఎక్కడుందో చూడండి. పెద్దవాళ్లకైతే చాలాసార్లు ఒక అంపూల్ అంటే ఒక అంపూలే. పిల్లల దగ్గరికొచ్చేసరికి మందు, సెలైన్, గ్లూకోజ్ అన్నీ బరువుతో హెచ్చవేయాలి. ఆ హెచ్చవేత టార్చ్‌లైట్ వెలుగులో, పక్కన తల్లి ఏడుస్తుంటే చేయాలి. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే డోసు పది రెట్లవుతుంది. అందుకే నా సలహా మొత్తం ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. వరద వచ్చిన రాత్రి మీరు కట్టాల్సిన లెక్క ఒక్కటి కూడా మిగలకూడదు. అన్నీ ఇప్పుడే, ఎండాకాలంలో, కాగితం మీద అయిపోవాలి.

ముందు బరువు సంగతి. త్రాసు దొరికితే త్రాసే. దొరకనప్పుడు 1 నుంచి 6 ఏళ్ల పిల్లలకు వయసును 2తో హెచ్చించి 8 కలపడం మనందరం చదువుకున్నదే. మూడేళ్ల పిల్లకు 14 కిలోలు వస్తుంది. కానీ ఏజెన్సీ గూడేల్లో మూడేళ్ల పిల్లలు చాలామంది ఆ 14కు చేరరు. పిల్లను పడుకోబెట్టి పొడవు కొలిచి బరువు చెప్పే బ్రోస్‌లో టేపు ఒకటుంది. అది అమెరికా పిల్లల కొలతల మీద తయారైంది, మన పిల్లల్లో కాస్త పెద్దవాళ్లకు బరువు ఎక్కువ చూపిస్తుంది. మీకు వీటన్నిటికంటే నమ్మకమైనది ఊరూరా ఉంది. అంగన్‌వాడీ టీచర్ రిజిస్టర్. ఆరేళ్లలోపు పిల్లల పేర్లు, బరువులు ఆమె దగ్గర రాసి ఉంటాయి. ముంపు గ్రామాల జాబితా తీసుకుని, ఆ ఊళ్ల పిల్లల పేరు, తల్లి పేరు, చివరిసారి తూచిన బరువు మే నెలలో ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించుకోండి. ఫోన్‌లో కాదు, పుస్తకంలోనే. ఛార్జింగ్ అయిపోయాక ఫోన్ పలకదు.

తర్వాత గోడ చార్టు. అడ్డంగా 3, 5, 7, 10, 12, 15, 20, 25 కిలోలు. నిలువుగా మీరు వాడే మందులు, పదీ పన్నెండు మించకుండా. గడుల్లో మిల్లీగ్రాములు రాయకండి, మీ ఫార్మసీలో ఉన్న సీసా ప్రకారం ఎంఎల్ రాయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తప్పులు జరిగేది ఇక్కడే. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 10 కిలోల పిల్లాడికి 150 మిల్లీగ్రాములు. 5 ఎంఎల్‌లో 250 ఉన్న సిరప్ అయితే అది 3 ఎంఎల్. 5 ఎంఎల్‌లో 125 ఉన్నదైతే 6 ఎంఎల్. స్టాక్ మారినప్పుడల్లా చార్టు దిద్దే బాధ్యత ఫార్మసిస్టుకు అప్పగించి, కింద ఆయన సంతకం, తేదీ ఉండేలా చూడండి. (ఇది చదివే అమ్మానాన్నలకు ఒక మాట: ఈ జవాబులో రాస్తున్న డోసులు డాక్టర్ల కోసం. వీటిని చూసి ఇంట్లో సొంతంగా వైద్యం చేయకండి.)

అడ్రినలిన్ మరీ ముఖ్యం. పాము విషానికి మందు ఎక్కించేటప్పుడు రియాక్షన్ వస్తే తొడ కండలోకి ఇవ్వాల్సింది, వెయ్యికి ఒకటి ద్రావణంలో కిలోకు 0.01 ఎంఎల్. 10 కిలోల పిల్లకు 0.1 ఎంఎల్. దాన్ని 5 ఎంఎల్ సిరంజిలో తీయడం అయ్యే పని కాదు. కొందరు ఇన్సులిన్ సిరంజి అందుకుంటారు. దాని మీద గీతలు యూనిట్లవి. 40 యూనిట్ల సిరంజిలో 0.1 ఎంఎల్ అంటే 4 యూనిట్లు, 100 యూనిట్ల దానిలో 10. గందరగోళానికి ఇంతకంటే మంచి దారి ఉండదు. 1 ఎంఎల్ సిరంజిలు ఒక పెట్టె విడిగా తెప్పించి అడ్రినలిన్ పక్కనే పెట్టించండి.

గ్లూకోజ్ కూడా అంతే. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా చక్కెర చూడటం, తక్కువుంటే 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 5 ఎంఎల్. నెలలోపు పసికందైతే 2 ఎంఎల్. మీ దగ్గర 25 శాతం అంపూళ్లే ఉండొచ్చు. అందులో 20 ఎంఎల్‌కు 30 ఎంఎల్ డిస్టిల్డ్ వాటర్ కలిపితే 50 ఎంఎల్ 10 శాతం తయారవుతుంది, 10 కిలోల పిల్లకు సరిగ్గా ఒక డోసు. ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చార్టు మీదికి ఎక్కించండి.

సెలైన్ దగ్గర ఇంకో మెట్టు దిగాలి. కరెంటు లేనప్పుడు పంపులు పనిచేయవు, చుక్కలు లెక్కపెట్టడమే. ఎనిమిది నెలల పాప, 7 కిలోలు, విరేచనాలతో పూర్తిగా నీరసించి వచ్చిందనుకోండి. ఏడాదిలోపు పిల్లలకు మొదటి గంటలో కిలోకు 30 ఎంఎల్, తర్వాత 5 గంటల్లో 70 ఎంఎల్ రింగర్ లాక్టేట్ ఎక్కించాలి. ఈ పాపకు గంటలో 210, ఆ తర్వాత 490. ఎంఎల్‌కు 20 చుక్కల సెట్ అయితే మొదటి గంట నిమిషానికి 70 చుక్కలు, ఆపై 33. నర్సుకు కావాల్సింది ఆ 70, 33 అంకెలే. చార్టులో అవే ఉండాలి. ఏడాది దాటిన పిల్లలకు అదే మొత్తం, వ్యవధి మాత్రం అరగంట, ఆ తర్వాత రెండున్నర గంటలు. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపున్న పిల్లలకు ఈ లెక్క వర్తించదు. తీవ్ర పోషకాహార లోపంలో సెలైన్ ఇంత వేగంగా పోస్తే గుండె తట్టుకోలేదు. వాళ్లకు షాక్ (రక్తప్రసరణ పడిపోవడం) ఉంటే తప్ప నరంలోకి వెళ్లొద్దు, నోటి ద్వారానే నెమ్మదిగా. అందుకే ఆ కొలత టేపు స్టెతస్కోప్‌తో పాటు మీ మెడలోనే ఉండాలి. అదీ అంగన్‌వాడీలో దొరుకుతుంది.

ఎక్కువ మంది పిల్లలకు సెలైన్ అవసరమే రాదు, ఓఆర్ఎస్ సరిపోతుంది. నీరసం ఉండి తాగగలిగే పిల్లకు నాలుగు గంటల్లో కిలోకు 75 ఎంఎల్, అంటే 12 కిలోలకు 900. ప్యాకెట్ లీటరు నీళ్లకు. క్యాంపులో లీటరు కొలత లేక గ్లాసెడు నీళ్లలో ప్యాకెట్ మొత్తం పోసేస్తుంటారు. ఖాళీ లీటరు వాటర్ బాటిళ్లు ఏఎన్ఎంల సంచుల్లో ఇప్పుడే పెట్టించండి. జింక్ 14 రోజులు, ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10.

ఇక చేతిపని. మీకు పిల్లల డాక్టరు లేరన్నారు గానీ, మీ లేబర్ రూమ్ నర్సు ఉంది కదా. ఏడవని పసికందుకు బ్యాగ్, మాస్క్‌తో ఊపిరి పోయడం ఆమెకు తెలిసిన విద్యే. వరదలో పిల్లలకు కావాల్సిన మొదటి నైపుణ్యం కూడా అదే. పెద్దవాళ్లకు చాలాసార్లు గుండె ఆగి ఊపిరి ఆగుతుంది. పిల్లల్లో ఎక్కువగా ఊపిరి ఆగి, దాని వెనక గుండె ఆగుతుంది. నీళ్లలోంచి తీసిన పిల్లకు ముందు ఊపిరి అందాలి. పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం ఇప్పటికీ ఊళ్లలో కనిపిస్తుంది. దానివల్ల నీళ్లు బయటికొచ్చేది తక్కువ, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయేది ఎక్కువ, పైగా విలువైన నిమిషాలు పోతాయి. ఈ మాట పడవ నడిపేవాళ్లకు, ఆశాలకు కూడా చేరాలి.

లేబర్ రూమ్‌లో ఉన్న 250 ఎంఎల్ బ్యాగ్ పసికందులకే. కొన్ని నెలల వయసు దాటిన పిల్లలకు 500 ఎంఎల్ బ్యాగ్, 0, 1, 2 సైజుల మాస్కులు కావాలి. మాస్క్ ముక్కు దూలం నుంచి గడ్డం దాకా మూయాలి, కళ్ల మీదికి ఎక్కకూడదు. ఆశా డే రోజు అందరూ ఎలాగూ వస్తారు. టీ ఇచ్చే ముందు పావుగంట చాలు. ఒక బొమ్మ పెట్టి, 'ఏడాదిన్నర బాబు, చెరువులో పడ్డాడు, ఊపిరి లేదు' అని గడియారం నొక్కండి. బ్యాగ్ ఎక్కడుందో వెతకడానికే రెండు నిమిషాలు పడితే అసలు సమస్య ఏంటో మీకే తెలుస్తుంది. ఇంకో నెల 12 కిలోలకు అడ్రినలిన్ తీయించండి. మరో నెల లైట్లు ఆర్పి చుక్కలు లెక్కపెట్టించండి. నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. రెండో నెలకల్లా ఎవరు ఏం పట్టుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు.

పడవ బోల్తా పడో, గోడ కూలో ఒక్కసారి పాతిక మంది వచ్చినప్పుడు ఎవరిని ముందు చూడాలన్నది వేరే పాఠం. పెద్దవాళ్లకు వాడే స్టార్ట్ పద్ధతిలో, ఊపిరి దారి సరిచేసినా ఊపిరి లేకపోతే నల్ల ట్యాగ్ (ఇక లాభం లేదనే గుర్తు) వేసి ముందుకెళ్తారు. పిల్లల కోసం చేసిన జంప్‌స్టార్ట్ అలా వదిలేయదు. నాడి ఉంటే ఐదు ఊపిర్లు ఇచ్చి చూడమంటుంది. ఊపిరి మొదలైతే ఎర్ర ట్యాగ్, అంటే అందరికంటే ముందు చూడాల్సిన బిడ్డ. ఊపిరి వేగం నిమిషానికి 15 కంటే తక్కువున్నా, 45 దాటినా ఎరుపే. ఇంకొకటి. 'నడవగలిగిన వాళ్లంతా ఆ చెట్టు కిందికి వెళ్లండి' అంటే తల్లి బిడ్డను చంకనేసుకుని వెళ్లిపోతుంది. నడిచింది తల్లి, బిడ్డ కాదు. చెట్టు కిందికి ఒక ఏఎన్ఎంను పంపి చంకలో ఉన్న పిల్లలను ముందు చూడమనండి.

పాముల గురించి విడిగా చెప్పాలి, మీ ప్రాంతంలో నీళ్లతో పాటు అవీ గట్టెక్కుతాయి. క్యాంపు అంటే బడి గచ్చు మీద వరసగా పడకలు. కట్లపాము ఎక్కువగా నిద్రలో ఉన్నవాళ్లనే కాటేస్తుంది, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున పిల్ల లేచి కడుపు నొప్పి అంటుంది, వాంతి చేసుకుంటుంది, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. వర్షాకాలం క్యాంపులో ఈ వరస కనిపిస్తే పాము కాదని తేలేదాకా పామే అనుకోండి. విషం విరుగుడు డోసు పిల్లలకూ పెద్దవాళ్లంతే, మొదట 10 వయళ్లు. కాటేసేది చిన్నపిల్లనని చూసి పాము విషం తగ్గించి వదలదు. ఇక్కడ మాత్రం బరువుతో హెచ్చవేత లేదు. తగ్గేది కలిపే ద్రవమే, కిలోకు 5 నుంచి 10 ఎంఎల్. గంటలో ఎక్కించాలి, అడ్రినలిన్ ముందే సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకుని. 'చిన్నపిల్ల, పెద్దాసుపత్రికి పంపేద్దాం' అని మందు మొదలుపెట్టకుండా పడవ ఎక్కించకండి. ఊపిరి మందగిస్తే ఆసుపత్రి చేరేదాకా బ్యాగ్ నొక్కుతూనే ఉండాలి. పడవలో వెంట వెళ్లేదెవరో కూడా ఇప్పుడే రాసుకోండి.

ప్లాన్‌ను తేదీలతో కాకుండా భద్రాచలం నీటిమట్టంతో ముడిపెట్టండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు చూశాం. 2022 జూలైలో 71.3. గోదావరి ఎగదన్నితే శబరి వెనక్కి పొంగి కూనవరం, వీఆర్ పురం వైపు దారులు మూసుకుపోతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి 43 దగ్గరే కదలాలి. నెలలు నిండబోతున్న గర్భిణులను ముందే తరలించడం మీ దగ్గర అలవాటే. అదే జాబితాకు మరికొందరు పిల్లలను కలపండి. ఫిట్స్ మందులు వాడేవాళ్లు, సికిల్ సెల్ రక్తజబ్బు ఉన్నవాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు. వీళ్లను చంపేది వరద నీళ్లు కాకపోవచ్చు, అయిపోయిన మందు సీసా కావచ్చు. నాలుగు రోజులు ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ తప్పిన పిల్లకు ఆగకుండా ఫిట్స్ వస్తే ఆ రాత్రి మీ ఆసుపత్రి మొత్తం ఆమె చుట్టూనే ఉంటుంది. హెచ్చరిక రాకముందే నెలకు సరిపడా మందు వాళ్ల ఇంట్లో ఉండేలా చూడండి. జులైలో ఇలా ముందుగా మందులిస్తే స్టాక్ రిజిస్టర్ దగ్గర ఎవరో ఒకరు ప్రశ్నిస్తారు. అందుకే ఆ వాక్యాన్ని ప్లాన్‌లోనే రాసి పై అధికారి సంతకం తీసుకోండి.

క్యాంపు మొదలవగానే దాతలు వస్తారు. పాలపొడి డబ్బాలు, పీకల సీసాలు తెస్తారు. మంచి మనసుతోనే తెస్తారు, కానీ లోపలికి రానివ్వకండి. ఆ నీళ్లతో, ఆ సీసాలతో కలిపిన పాలు విరేచనాలకు దారి. 2006లో ఇండోనేషియాలో యోగ్యకర్త భూకంపం తర్వాత చూస్తే, దానంగా పాలపొడి అందుకున్న పసివాళ్లలో విరేచనాలు మిగతా వాళ్లకంటే దాదాపు రెట్టింపు కనిపించాయి. మన దగ్గర 1992 నాటి చట్టం కూడా పాలపొడి పంచడాన్ని నిషేధిస్తోంది, మర్యాదగా కాదనడానికి ఆ మాట అక్కరకొస్తుంది. తల్లులు 'భయానికి పాలు ఎండిపోయాయి' అంటారు. భయం వల్ల పాలు దిగడం కాసేపు ఆగుతుంది అంతే, ఎండిపోవు. బడిలో ఒక మూల రెండు చీరలు అడ్డం కట్టించి, తల్లిని కూర్చోబెట్టి బిడ్డను మాటిమాటికీ పట్టించమనండి. తల్లి లేని బిడ్డకు మాత్రం పాలపొడి మీ చేతి మీదుగా, గిన్నె, చెంచాతో. ఆరు నెలల నుంచి 15 ఏళ్ల వాళ్లకు మీజిల్స్ టీకా, ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు వాళ్లకు విటమిన్ ఎ క్యాంపు మొదటి రోజుల్లోనే చూసుకోవాలి.

ఒంటరిగా వచ్చిన పిల్లల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. 2005లో అమెరికాలో కత్రినా, రీటా తుఫాన్ల తర్వాత 5,192 మంది పిల్లలు కుటుంబాల నుంచి విడిపోయినట్టు లేదా కనిపించనట్టు నమోదయ్యారు. చివరి బిడ్డ ఇల్లు చేరేసరికి నెలలు పట్టింది. అంత పెద్ద దేశంలోనే అలా జరిగింది. మీ దగ్గర చేయాల్సింది చిన్నదే. బిడ్డ రాగానే చేతికి ప్లాస్టర్ ముక్క అతికించి నంబరు వేయండి. అదే నంబరుతో పుస్తకంలో ఏ ఊరి పడవలో వచ్చింది, ఎవరు ఎత్తుకొచ్చారు, ఒంటి మీద ఏముంది రాయండి. ఆ బట్టలు పారేయకండి. 'నేను వాళ్ల మేనమామను' అని ఎవరైనా వస్తే బిడ్డ వాళ్ల దగ్గరికి ఎలా వెళ్తోందో చూడండి, ఊరి అంగన్‌వాడీ టీచర్‌ను పిలిచి అడగండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలియాలి. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టడం మాత్రం వద్దు. ఫొటో చూసి ముందు ఎవరొస్తారో మన చేతుల్లో ఉండదు.

పక్క తడపడం, తల్లి కొంగు వదలకపోవడం, అర్ధరాత్రి ఉలిక్కిపడటం చూసి మందులు రాయకండి. అంగన్‌వాడీ టీచర్‌తో రోజూ ఒకే వేళకు ఆటలు పెట్టించండి. 'నీళ్లొచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్పమ్మా' అని మైకు పట్టుకునేవాళ్లను పిల్లల దరిదాపుల్లోకి రానివ్వకండి. నెల దాటినా తగ్గకపోతే అప్పుడు పంపండి.

మీ పాప సంగతి చివర రాశారు గానీ, ప్లాన్‌లో అది మొదటి పేజీలో ఉండాలి. మీ ఒక్కరిదే కాదు. స్టాఫ్ నర్సు పిల్లలు, ఫార్మసిస్టు పిల్లలు, ఏఎన్ఎంల పిల్లలు ఆ నాలుగు రోజులు ఎవరి దగ్గర ఉంటారు? సొంత బిడ్డ ఎక్కడుందో తెలియని మనిషిని డ్యూటీలో ఉండమనడం జరిగే పని కాదు. ఒక్కొక్కరినీ అడిగి పేరు, ఇల్లు, ఫోన్ నంబరు రాయించండి. 43 అడుగులు దాటగానే మీ పాపను అమ్మమ్మ దగ్గరికో, నాయనమ్మ దగ్గరికో పంపేయండి. పంపడానికి ఎవరూ లేకపోతే ఆసుపత్రిలోనే స్టాఫ్ పిల్లలందరికీ ఒక గది, వాళ్లను చూసుకోవడానికి ఒక ఆయమ్మ. ఈ గది గురించి అడగడానికి మొహమాటపడకండి.

చార్టు తయారయ్యాక మీరొక్కరే సరిచూసుకోవద్దు. మీ లెక్కలు చూపించకుండా ఖాళీ గడుల కాగితం నర్సుకు ఇచ్చి విడిగా నింపమనండి. రెండూ పక్కపక్కన పెట్టి తేడా వచ్చిన గడులకు సున్నా చుట్టండి. ఆ కాగితాలు పట్టుకుని ఏరియా ఆసుపత్రి పిల్లల డాక్టరును ఒకసారి స్వయంగా కలవండి, నాకూ ఒక కాపీ పంపండి. ఆయన నంబరు తీసుకోండి, మీది ఇవ్వండి. తేడా గడుల దగ్గర ఆయన చెప్పిందే ఖాయం చేసి, లామినేషన్ చేయించి, ఒకటి ఎమర్జెన్సీ గదిలో, ఒకటి లేబర్ రూమ్‌లో, ఒకటి పడవలోకి వెళ్లే పెట్టెలో పెట్టండి.